కర్టెన్ మీద కంపు పురుగు

కివీ కోతలకి బే ఆఫ్ ప్లెంటీ వచ్చిన మన వాళ్ళకి ఒక మాట. కాస్త పొడుగు పోస్టే, షిఫ్ట్ లేనప్పుడు తీరిగ్గా చదవండి.

మన ఊళ్ళో ఉగాది పచ్చడి కలిపే రోజులకి ఇక్కడ ఆకులు రాలడం మొదలవుతుంది. మార్చి నుంచి మే దాకా పగలు ఎండ, రాత్రి చలి. మనం రగ్గులు తీసినట్టే పురుగులూ వెచ్చటి చోటు వెతుక్కుంటాయి. కిటికీ సందులు, తలుపు కింద ఖాళీ, తీగ మీద నుంచి తెచ్చిన బట్టల మడతలు, ఎక్కడ వీలైతే అక్కడ దూరతాయి.

మేం ఐదుగురం ఉండేది పాత ఇల్లు. మొన్న ప్యాక్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేసి వచ్చేసరికి కర్టెన్ మీద గోధుమరంగు పురుగు కనబడింది. డాలు ఆకారం, గోరంత సైజు. మాలో వరి పండించే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి కంపునల్లి కొత్త కాదు. పాలు పోసుకునే గింజల రసం పీల్చేస్తుంది, నలిపితే చేతికి అంటిన వాసన ఓ పట్టాన పోదు. "ఇదీ ఆ జాతే" అని ఒకడు చెప్పు తీశాడు. ఇంకొకడు చెయ్యి పట్టుకుని ఆపాడు. పని చోట గోడ మీద చూసిన పోస్టర్ వాడికి గుర్తొచ్చింది.

ఆ పోస్టర్‌లో ఉన్నది బ్రౌన్ మార్మొరేటెడ్ స్టింక్ బగ్. పుట్టిల్లు తూర్పు ఆసియా. అమెరికా, ఇటలీల్లో పండ్ల తోటల్ని పీడిస్తోంది. చలికాలం ముందు గుంపులు గుంపులుగా ఇళ్ళలోకి చేరుతుంది. న్యూజీలాండ్‌లో ఇంకా కాపురం పెట్టలేదు. అందుకే 2018 ఫిబ్రవరిలో జపాన్ నుంచి కార్లు తెచ్చిన ఓడల్లో ఇవి కనబడితే, ఆక్లాండ్‌లో దించనివ్వకుండా పంపించేశారు.

ఫోన్ చేద్దామా వద్దా అని గంటసేపు వాదించుకున్నాం. ఎవరో ఇంటికొస్తారు, ఎంతమంది ఉన్నారని అడుగుతారు, ఓనర్‌కి కోపమొస్తుంది, వీసాకి ఏమవుతుందో! "ఫ్లష్ చేసేస్తే పోలా?" అనేశాం కూడా.

అప్పుడు మాలో పాతకాపు 2010 సంగతి ఎత్తాడు. ఆ ఏడు నవంబరులో ఇక్కడే, టె పుకేలో, పీఎస్ఏ అనే బ్యాక్టీరియా తెగులు బయటపడింది. గోల్డ్ రకం తీగలు నరికేసుకున్న తోటలెన్నో. కొత్త రకం అంటుకట్టి మళ్ళీ కాపు చూసేదాకా రైతులు నలిగిపోయారు. తోట పోతే రైతుకి అప్పు మిగులుతుంది. మనకి ఆ పాటి కూడా మిగలదు, పనే ఉండదు. ఇంటి దగ్గర మన డబ్బు కోసం చూసేవాళ్ళకి ఏం చెప్తాం?

ఫోన్ చేశాం. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, ఈమధ్య బయటి దేశం నుంచి సామాను వచ్చిందా అని అడిగారు. ఫొటో పంపమన్నారు. వీసా మాటే ఎత్తలేదు. తర్వాత తెలిసింది, అది ఇక్కడి సోల్జర్ బగ్ అట. గొంగళి పురుగుల్ని తిని తోటకి మేలు చేసేది. చెప్పు దెబ్బకి పోవాల్సిన మన మనిషే అన్నమాట! బయట చెట్టు మీద వదిలేశాం.

అనుమానం వస్తే ఇలా చేయండి. నలపకండి, బయటికి వదలకండి. గ్లాసు బోర్లించి కింద కాగితం తోసి పట్టుకోండి. అసలు దొంగది దాదాపు 17 మిల్లీమీటర్లు, మీసాల మీద తెల్ల పట్టీలు ఉంటాయి. ఫొటో తీసి 0800 80 99 66కి చెప్పండి, డబ్బులు పడవు. మామూలు పురుగులకైతే పొద్దు వాలకముందే కిటికీలు మూయండి, తలుపు కింద పాత తువ్వాలు పెట్టండి, బట్టలు దులిపి లోపలికి తెండి.

మొదటిసారి ఫోన్ చెయ్యాలంటే భయమేస్తుంది, మాకూ వేసింది. ఇంగ్లీషు తడబడినా ఫర్వాలేదు, వాళ్ళు ఓపిగ్గానే వింటారు. మీ రూముల్లో ఏమేం దూరాయో కామెంట్‌లో పెట్టండి.