మా యింటి స్టీరియో స్టాండు

గృహమునకు వచ్చిన ప్రతి వస్తువునకును దాని కొలతకు తగిన తావొకటి యుండవలెను. తావు లేని వస్తువు ఎంత విలువ గలదైనను ఇంటివారికి భారమే యగును. మూడేండ్ల క్రిందట మా మామగారు స్వర్గస్థులైన పిమ్మట కోనసీమలోని స్వగ్రామమునుండి రాజమహేంద్రవరమునకు, మా యింటికి, వచ్చి చేరిన స్టీరియో విషయమున మాకీ సంగతి చక్కగ బోధపడినది. ఒక రికార్డు ప్లేయరు, ఒక ఆంప్లిఫయరు, ఒక క్యాసెట్టు డెక్కు, రెండు స్పీకర్లు, నూట యిరువది లాంగు ప్లే రికార్డులు: వీనిని వారు తెలుగు పండితులుగ పనిచేసిన కాలమున జీతములో మిగిల్చి యొక్కటొక్కటిగ కూర్చుకొనిరి. మన డెల్టాలోని శంకరగుప్తమున 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి రికార్డులన్న వారికి ప్రాణము. 1986 ఆగష్టులో గోదావరికి మహావరద వచ్చినప్పుడు ధాన్యపు బస్తాలకంటె ముందు రికార్డులనే అటక యెక్కించిరని మా అత్తగారు నేటికిని ఎత్తిపొడుచుచుందురు.

వీనియన్నిటికంటె విలువైనది వేరొకటి గలదు. మామగారు 1989లో గజేంద్రమోక్షమును తమ కంఠముతో చదివి యెక్కించిన క్యాసెట్టది. దానికి రెండవ ప్రతి లేదు. తేమగల మన సీమలో టేపునకు బూజు పట్టుట సులభము. దానిని ఒక్కసారి వినవలెనని అత్తగారి కోరిక. వేసినచో తెగునేమో యని మా భయము. ప్లేయరు ట్రంకుపెట్టె మీదను, ఆంప్లిఫయరు ముక్కాలిపీట మీదను, డెక్కు దానిపైనను ఉండెను. మా చిన్నవాడు గదిలో పరుగెత్తినప్పుడెల్ల ప్లేయరు ముల్లు ఎగిరి పాట మధ్య గంతు వేయుచుండెను. తీగలు కాళ్ళకు చుట్టుకొనుచుండెను. ఇట్టి యమరికలో ఆ క్యాసెట్టును ముట్టుటకు మాకు మనసొప్పలేదు.

బజారున విచారింపగా మంచి స్టాండు వెల 14,000 రూపాయలని చెప్పిరి. ఉపాధ్యాయుని యింట అంత మొత్తము పిల్లల బడిరుసుముతో పోటీకి నిలుచును. తక్కువ వెలకు దొరకునవి రంపపు పొట్టును జిగురుతో నదిమి చేసిన పలకలవి. వానాకాలమున అవి తేమ పీల్చి ఉబ్బును. బరువు పెట్టినచో కొన్నాళ్ళకు నడుమ వంగును. కావున ఇంటిలోనే చేసికొనుటకు నిశ్చయించితిమి. మావారు సాయంకాలము పాఠములు చెప్పుకొనవలసినవారు గనుక పని మా చేతికే వచ్చినది. ఆడవారికి వడ్రంగమేల యని ఇరుగుపొరుగువారు నవ్విరి. చుక్కకు చుక్కకు ఎడము తప్పకుండ ముగ్గు పెట్టు చేయి పలకపై గీటు గీయలేదా?

పని మొదలిడుటకు ముందు, ఇట్టి స్టాండు చేయవలసిన పనియేమని విచారించితిమి. విచారింపగా నాలుగే తేలినవి. మొదటిది మట్టము: రికార్డు నిమిషమునకు ముప్పది మూడుంబావు చుట్లకు కొంచెము పైగా తిరుగుచుండగా ముల్లు వెండ్రుకవంటి గాడిలో నడచును, బల్ల ఒకవైపు వాలినచో ముల్లు గాడి యొక్క గోడను ఒరసికొనును. రెండవది నిలుకడ: స్పీకరు ధ్వని నేలగుండ, బల్లగుండ ముల్లునకు చేరి, మరల స్పీకరులోనికే పోయి గుంయిమని మ్రోగును. మూడవది గాలి: ఆంప్లిఫయరు పనిచేయుచున్నంతసేపును వేడిని విడుచును, ఆ వేడి పోవుటకు దారి యుండవలెను. నాలుగవది బరువు నమర్చుట: అట్టతోకూడ రికార్డొకటి ఇంచుమించు రెండువందల గ్రాముల పైచిలుకు తూగును, నూట యిరువది రికార్డులు పాతిక కిలోలకు మించును. అంత బరువు అడుగుననే యుండవలెను. ఈ నాలుగింటిలో డబ్బిచ్చి కొనవలసినది ఒక్కటియు లేదు. పదునాలుగు వేలలో అధికభాగము నిగనిగకే పోవునని మాకప్పుడు తెలిసినది.

కోనసీమ పల్లెలలో పాత మండువా లోగిళ్ళను విప్పినప్పుడు వచ్చు తలుపులు, దూలములు పాతకలప దుకాణములకు చేరును. అట్టి దుకాణమున ఒక తలుపునుండి ఊడదీసిన టేకు పలకలు రెండు దొరికినవి. ఒక్కొక్కటి తొంబది యంగుళముల పొడవు, తొమ్మిదంగుళముల వెడల్పు, అంగుళము మందము. దుకాణదారు వృద్ధుడు. పలకను వ్రేలితో తట్టి చూపి, "ఇది గోదారి మీద తెప్పలుగా వచ్చిన టేకండమ్మా. మా నాన్నగారి నాటి సరుకు. ఎన్ని వానలు చూసిందో! ఇహ వంగేది లేదు, పగిలేది లేదండి" అనెను. అతని మాటలో సత్యము గలదు. పచ్చికర్ర ఆరుచు ముడుచుకొని మెలితిరుగును. ఏండ్ల తరబడి ఆరిన కర్రకు ఆ గుణము ఉడుగును. మామిడి చెక్క ఇంతకంటె చౌకయే కాని పురుగు త్వరగ పట్టును.

కోతమిల్లులో ఒక్కొక్క పలకను ఇరువదిరెండేసి యంగుళముల ముక్కలు నాలుగుగ కోయించి చిత్రిక పట్టించితిమి. ఎనిమిది ముక్కలను రెండేసి చొప్పున ప్రక్కప్రక్కన చేర్చి, క్రింద తుక్కుకర్రలను అడ్డముగ వేసి స్క్రూలు బిగింపగా, ఇరువదిరెండంగుళముల పొడవు, పదునెనిమిది యంగుళముల వెడల్పు గల అరలు నాలుగు సిద్ధమైనవి. మూలలు చక్కగ వచ్చినవో లేవో తెలిసికొనుటకు గొప్ప పనిముట్లు అక్కరలేదు. ఎదురెదురు మూలలకు త్రాడు లాగి, రెండు కర్ణములును సమమైనవేని ఆ యర నలుమూలల సరిగ నున్నట్లే. త్రాటితో యజ్ఞవేదికలను కొలుచు శుల్బసూత్రముల విద్య నేటి యింటిపనికి ఇట్లు ఉపకరించినది. మావారు తమ విద్యార్థులకు ఈ లెక్కను మా పలకమీదనే చూపిరి.

అరలను నిలుపుటకు మేకులును కొయ్యకాళ్ళును వాడలేదు. నిలువెల్ల మరచుట్టు గల యినుపకడ్డీలు, దుకాణములవారు త్రెడ్డు రాడ్లనునవి, పండ్రెండు మిల్లీమీటర్ల లావు, మీటరు పొడవు గలవి నాలుగు తెచ్చితిమి. అర నాలుగు మూలలను బెజ్జములు వేసి, కడ్డీలకు గ్రుచ్చి, ప్రతి మూలను అరకు క్రింద నొక నట్టు, పైన నొక నట్టు, నడుమ వాషర్లు పెట్టి బిగించితిమి. నాలుగరలకు నట్లు ముప్పదిరెండు, వాషర్లు ముప్పదిరెండు. నేలనుండి నాలుగంగుళముల యెత్తున మొదటి యర. చీపురు పోవుటకును, నేల చెమ్మ తగులకుండుటకును అంత యెడము కావలెను. దానిపై పదునాలుగంగుళములు రికార్డులకు, తరువాత తొమ్మిదంగుళములు ఆంప్లిఫయరుకు, ఆపైన ఆరంగుళములు డెక్కుకు విడిచితిమి. అన్నిటికంటె పైయర ప్లేయరుకు. అది నేలకు ముప్పదియేడంగుళముల యెత్తున నుండుటచే అత్తగారు నడుము వంచకయే ముల్లు పెట్టగలుగుచున్నారు.

ఈ కడ్డీల యందలి సుగుణము మట్టము సరిచూచునప్పుడు తెలియును. మయసభలో నేల నీరుగను, నీరు నేలగను తోచి దుర్యోధనుడు భ్రమపడెనని సభాపర్వమున చదివితిమి. మా పాతయింటి గచ్చును అట్టిదే. చూపునకు సమముగ నుండును గాని రసమట్టము పెట్టిన నిజము బయటపడును. నట్టునొక చుట్టు త్రిప్పిన అర మూల ఒకటి ముప్పాతిక మిల్లీమీటరు లేచును, లేదా దిగును. పావుచుట్టు త్రిప్పిన అరమిల్లీమీటరు కూడ మారదు. కాగితపు మడతలు దోపవలసిన పని లేదు. రసమట్టము లేనివారు అంచు సమముగ నున్న పళ్లెములో నీరు పోసి, నలుదిక్కుల నీటి యెత్తు చూచుకొనవచ్చును.

సామాను పెట్టుటయందును క్రమము గలదు. ఆంప్లిఫయరుపై నాలుగంగుళములకు తక్కువకాకుండ ఖాళీ విడిచి, వెనుకవైపు గోడకు జానెడు దూరమున స్టాండు నుంచితిమి. ఆంప్లిఫయరులోని ట్రాన్సుఫార్మరు ప్లేయరు ముల్లునకు దగ్గరగ నున్నచో తుమ్మెదవలె రొద పుట్టును. కనుక నడుమ నొక యర యెడమున్నది. కరెంటు తీగలను ఒక కడ్డీ వెంటను, పాట తీగలను ఎదుటి కడ్డీ వెంటను కట్టితిమి. రికార్డులను పరుండబెట్టక, పుస్తకములవలె నిటారుగ నిలిపితిమి. వాలియున్నను, ఎండ తగిలినను అవి వంగును. స్పీకర్లను మాత్రము స్టాండుపై పెట్టరాదు. 1931లో ఆలన్ బ్లూమ్‌లైన్ అను ఆంగ్లేయ ఇంజనీరు రెండు దారుల ధ్వనికి పేటెంటు కోరినాడు. మన రెండు చెవులవలె రెండు స్పీకర్లు ఎడముగ నుండిననే ఆ విద్య ఫలించును. స్టాండునకు ఇరువైపుల ఆరడుగుల యెడమున వానిని నిలిపి, వినువారు కూర్చుండుచోటును అంతే దూరమున నేర్పరచితిమి.

వ్యయము ఇట్లున్నది: పలకలకు 2,400 రూపాయలు; కోతకు, చిత్రికకు 700; కడ్డీలకు 760; నట్లు, వాషర్లు, స్క్రూలకు 380; గరుకు కాగితమునకు, వార్నిషునకు 340; కడ్డీల అడుగున వేసిన రబ్బరు ముక్కలకు 120. మొత్తము 4,700 రూపాయలు. పని రెండు ఆదివారములును, నాలుగు సాయంకాలములును పట్టినది.

స్టాండు నిలిచిన దినమున మొదట రికార్డు వేసి, చిన్నవానిని గదిలో నిండు వేగమున పరుగెత్తుమంటిమి. వానికంతకంటె ఇష్టమైన యాజ్ఞ లేదు. ముల్లు కదలలేదు. పిమ్మట డెక్కు తలను స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి, వేరొక క్యాసెట్టుతో పరీక్షించి, అప్పుడు మామగారి క్యాసెట్టును వేసితిమి. ఒకవేళ తెగినను మొదటిసారి వినిపించినంతవరకైనను దక్కునని, డెక్కునుండి తీగ తీసి కంప్యూటరులోనికి నకలు దింపుకొంటిమి. టేపు తెగలేదు. అత్తగారు కన్నులు మూసికొని వినుచు, నడుమ నొకచోట చేయెత్తి, "ఇక్కడ దగ్గుతారు చూడు" అనిరి. ఆ వెంటనే పెట్టెలోనుండి దగ్గు వినబడినది. అత్తగారు నవ్విరి. మామగారు పోయిన తరువాత వారు నవ్వగా మేము చూచుట అదియే ప్రథమము.

పొదుపనగా నాసి వస్తువుతో సరిపెట్టుకొనుట యని కొందరు తలంతురు. అది లోభమునకు చెల్లును గాని పొదుపునకు చెల్లదు. వస్తువు చేయవలసిన పనిని ఎరిగి, ఆ పనికి అక్కరలేని దానికి వెల యియ్యకుండుటయే పొదుపు. మీ యింటను పెద్దల నాటి రేడియోయో, రికార్డులో, పాత క్యాసెట్లో అటకపై నున్నవేమో ఒకసారి చూడుడు. బల్ల కొనుటకు పూర్వము సామాను పొడవు, వెడల్పు, ఎత్తు, బరువు కాగితముపై వ్రాసికొనుడు. ఒకే ప్రతి గల కంఠస్వరము దొరకినచో స్టాండు పూర్తియగువరకైనను ఆగక, తెలిసినవారిచేత ముందుగ నకలు తీయించుడు. నెలకొకసారి నట్లు బిగువుగ నున్నవో లేవో చేతితో త్రిప్పి చూచుకొనుడు. మేము ప్రతి అమావాస్యకు ముందునాడు ఇల్లు దులుపునప్పుడు చూచుకొనుచున్నాము.