గూటిలోని బ్యాటరీ

టార్చిలైటును మన ఇండ్లలో 'బ్యాటరీ' అనటం ఎప్పటినుండి వచ్చినదో గాని, ఆ మాట ఈనాటికీ పోలేదు. పైది బ్యాటరీ, లోపల వేసేవి సెల్లులు. ఇంగ్లీషు చదువుకున్న పిల్లలు విని నవ్వుతారు. నవ్వనివ్వండి. మా బీదరులో కన్నడంవారూ, మరాఠీవారూ కూడా అట్లాగే అంటారు గనుక, ఇందరు ఒప్పుకున్న మాటను మేమొక్కరమే దిద్దబోవటం ఎందుకు? ఆ సెల్లులు కారిపోయి ఆ బ్యాటరీలను పాడుచేయటాన్ని గురించి ఈ నెల నాలుగు మాటలు వ్రాయదలచినాము. విషయం చిన్నదే గదా అని చదువరులు పుట తిప్పవద్దు. మా ఇంట అది మా అమ్మ చేతిమీదికి వచ్చినది.

మా తాతగారి నాటి ఇత్తడి బ్యాటరీ ఒకటి మా కుటుంబంలో ఉన్నది. మూడు లావు సెల్లులు పట్టేది. 1956 నవంబరులో బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రాన్ని విడిచి మైసూరులో కలిసేనాటికే అది మా ఇంట ఉన్నదట. తాతగారి తరువాత మా నాయన చేతికి వచ్చినది. చెరకు తోటకు నీళ్లు పెట్టేందుకు కరెంటు రాత్రిపూటనే వచ్చేది. పాము పురుగు భయానికి నాయన ఆ బ్యాటరీ లేనిదే గట్టు ఎక్కేవాడు కాదు. దూరాన గట్టుమీద వెలుగు కదలటం చూచి అమ్మ పొయ్యి రాజేసి కూర వెచ్చబెట్టేది. నాయన పోయిన తరువాత అది జహీరాబాదులో మా అన్నగారి ఇంట ఉండి, అమ్మ మా దగ్గరకు వచ్చినప్పుడు ఆమెతోపాటే ఆమె పెట్టెలో బీదరు చేరినది.

అన్నగారి అబ్బాయికి అమెరికాలో ఉద్యోగం. ఒకసారి సెలవులకు వస్తూ తాత బ్యాటరీకని లావుపాటి ఆల్కలైను సెల్లులు మూడు తెచ్చి, తన చేతులతోనే వేసిపోయినాడు. పదేండ్లు చెడవని వాటిమీద అచ్చువేసి ఉన్నది. మా ఇంటికి వచ్చిననాడు కూడా అది భేషుగ్గా వెలిగింది. అమ్మ దానిని తన మంచం పక్కన గూటిలో పెట్టుకొన్నది.

నిరుడు శ్రావణమాసంలో ఒక రాత్రి పెద్దవాన పడి కరెంటు పోయినది. అమ్మకు సెల్‌ఫోను దీపం మీద నమ్మకం లేదు. పెరటికి పోవటానికి లేచి, గూటిలో చెయ్యిపెట్టి బ్యాటరీ తీసి మీట నొక్కినది. వెలగలేదు. మళ్లీ నొక్కినది. మమ్మల్ని లేపటం ఎందుకనుకొని చీకట్లోనే మెట్టు వెదుక్కొంటూ పోయి జారిపడింది. కుడి మణికట్టు విరిగినది. ఆరు వారాలు పిండికట్టు. ఎనుబది దగ్గరపడిన మనిషికి ఒకరు అన్నం కలిపి పెట్టవలసి రావటం అంటే ఎట్లా ఉంటుందో ఇండ్లలో పెద్దలున్నవారికి చెప్పనక్కరలేదు. ఆమె మాత్రం నొప్పిని గురించి అనలేదు. "మీ నాయన ఉన్నన్నాళ్లు ఇది ఒక్క దినమన్నా దగా చెయ్యలేదురా" అన్నది. 

తెల్లవారి మూత విప్పబోతే తిరగలేదు. అంచున తెల్లని ఉప్పు పేరుకొని ఉన్నది. మా వీధిలో బిద్రీ పనిచేసే ఉస్తాదుగారు ఒకరున్నారు. లోహంతో బ్రతికే మనిషి గదా అని ఆయన దగ్గరకు తీసుకపోయినాము. ఆయన ఆ తెల్లదానిని వ్రేలితో ముట్టలేదు. పుల్లతో గీకి చూచి, "ఇది జస్తా పని కాదు సాబ్, ఖార్ పని" అన్నారు. జస్తా అంటే తుత్తునాగము, ఇంగ్లీషువారి జింకు. ఖార్ అంటే మన క్షారమే. రెండూ ఒక్క మాటే. ఆల్కలి అన్న మాట సయితం అరబ్బీనుండి వచ్చినది, కాల్చిన మొక్కల బూడిదకు పేరు. ఉస్తాదుగారు రసాయనశాస్త్రం చదవలేదు గాని, ఆ ఒక్క మాటలో అంతా చెప్పినారని మాకు తరువాత తెలిసినది.

మేమూ మెట్రిక్ దాటినవారము కాము. కచ్చేరిలో ఫైళ్లు కట్టుకొనే గుమాస్తాలము. అందుచేత హైస్కూలులో సైన్సు చెప్పే పొరుగింటి కన్నడ మేష్ట్రుగారిని అడిగినాము. ఆయన కాగితం మీద బొమ్మలు గీసి రెండు ఆదివారాలు ఓపికగా చెప్పినారు.

మనం చిన్ననాటినుండి ఎరిగిన సెల్లు ఫ్రాన్సు దేశపు లెక్లాంషె 1866లో చేసిన తడి సెల్లుకు సంతానం. దానిని 1886లో జర్మనీవాడైన గాస్నర్ పొడి సెల్లుగా మార్చినాడు. తుత్తునాగపు డబ్బా, నడుమ బొగ్గుకడ్డీ, చుట్టూ మాంగనీసు నల్లపొడి, నవాసారం కలిపిన ముద్ద. ఆ బొగ్గుకడ్డీతో గోడలమీద వ్రాయని పిల్లవాడు మా కాలంలో లేడు. నవాసారం అంటే కొత్తది కాదు. గిన్నెలకు కళాయి వేసేవాడు చిటికెడు చల్లి పొగ లేపేది అదే. ఇక్కడ మా ఊరి గొప్ప ఒకటి చెప్పుకోక తప్పదు. బిద్రీ సామాను కూడా తుత్తునాగమే, పదహారు పాళ్లకు ఒక పాలు రాగి చొప్పున కలిపి పోత పోసినది. దానిమీద వెండి తాపి, చివరకు బీదరు కోటలోని పాతమన్నును నవాసారంతో నీళ్లలో కాచి పూస్తారు. పూసేసరికి తుత్తునాగం కాటుకలాగా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా నిలుస్తుంది. అంటే సెల్లులోని రెండు వస్తువులూ బహమనీల నాటినుండి మా బజారులో ఉన్నవే. పూజాగదిలోని బిద్రీ పళ్లెమూ, గూటిలోని సెల్లూ దగ్గరి చుట్టాలని తెలిసి అమ్మకు ఆ నొప్పిలోనూ నవ్వు వచ్చినది.

ఆ పాత సెల్లులో ఒక లోపం పుట్టుకతోనే ఉన్నది. కరెంటు ఇచ్చేకొద్దీ డబ్బాయే కరిగిపోతుంది. కుండే కూడై పోయినట్లు! గోడ పలచబడి, చిల్లి పడి, ముద్ద బయటికి వస్తుంది. కనుక పాత సెల్లులు కారవని కాదు, బాగానే కారుతాయి. అయితే ఆ కారేది కొంచెం పులుసు జాతిది. తుప్పు పట్టిస్తుంది గాని, ఆల్కలైనుదంత ఘాటు కాదు.

ఆల్కలైను సెల్లు కథ వేరు. దీనిని చేసినవాడు కెనడాకు చెందిన లూయిస్ అర్రీ. ఎవరెడీ సెల్లుల యజమానియైన యూనియన్ కార్బైడు కంపెనీ అతనిని 1955లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రానికి పంపినది. పాత సెల్లు ఆయుర్దాయం పెంచమని ఆజ్ఞ. అతడు దానిని వదలి కొత్తది చేసినాడు. రెండు ఆటకార్లలో ఒకదానికి పాతదీ, ఒకదానికి కొత్తదీ పెట్టి పైఅధికారి ఎదుట కంపెనీ భోజనశాలలోనే వదలినాడట. పాతది కొంతదూరం పోయి నిలిచిపోతే, కొత్తది చూచేవారికి విసుగు పుట్టేదాకా తిరిగినదట. 1959 నుండి అవి అంగడికి వచ్చినవి. (1984లో భోపాలు పేరుతోపాటు మనం విన్న యూనియన్ కార్బైడు ఇదే. మన దేశంలో ఎవరెడీ 1994లో ఇక్కడివారి చేతికి మారినది.) మన తెలుగునాట నెల్లూరులో తయారై పేరుపొందిన నిప్పో సెల్లులు పాత జింకు జాతివి, మన దేశంలో ఈనాటికీ ఎక్కువగా అమ్ముడుపోయేవి ఆ జాతివే. కనుకనే ఆల్కలైను గుణదోషాలు మన ఇండ్లకు ఇంకా కొత్త.

అర్రీ చేసిన పని ఇది: తుత్తునాగాన్ని డబ్బాగా కాక పొడిగా చేసి నడుమ పెట్టినాడు, బయట ఉక్కుడబ్బా. నవాసారం స్థానంలో పొటాషియం హైడ్రాక్సైడు, అనగా ఘాటైన క్షారం. డబ్బా కరగదు గనుక ఇది కారదని మనకు తోస్తుంది. కాని క్షారంలో ఉన్న తుత్తునాగం ఊరకుండదు. నిదానంగా హైడ్రోజను వాయువును వదులుతూ ఉంటుంది. సెల్లు పూర్తిగా ఒట్టిపోయిన తరువాత కూడా లోపలినుండి కరెంటు లాగుతుంటే ఆ వాయువు మరీ పెరుగుతుంది. డబ్బా పగిలి ఎవరికైనా తగలకుండా అడుగున ఒక పలుచని బిళ్ల పెట్టినారు. వత్తిడి ఎక్కువైతే అది చిట్లుతుంది. అన్నం కుండ పగలకుండా మూత లేచినట్లు. మూత లేస్తే గంజి పొంగదా? ఆ పొంగిన గంజే క్షారం. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి తెల్లని ఉప్పవుతుంది. మన కట్టెలపొయ్యి బూడిదలో ఉండే ఉప్పూ అదే!

పూర్వం ఆ వాయువు పుట్టకుండా కొద్దిగా పాదరసం కలిపేవారు. అది మంటికీ నీటికీ విషమని 1990లలో మానివేసినారు. అమెరికాలో 1996లో చట్టమే చేసినారు. మానటం మంచిపనే. దానికి బదులు లోహాన్ని శుద్ధిచేసి, వేరే మందులు చేర్చి సరిపెట్టుకొంటున్నారు.

మరి పదేండ్ల మాట? మేష్ట్రుగారిని మేము గట్టిగా అడిగినది ఇదే. ఆయన చెప్పినది విని మాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. పదేండ్ల లెక్క అంగడిలో, పొట్లంలో, చల్లనిచోట వాడక ఉన్న సెల్లుకట. బ్యాటరీలోకి ఎక్కిన తరువాత ఆ లెక్క చెల్లదు. అందులోనూ మూడు సెల్లులు వరుసగా ఉన్నచోట మూడూ ఒకనాడే అలసిపోవు. ఒకటి ముందు ఒట్టిపోతే, ఇంకా బలమున్న రెండూ దానిలోగుండా కరెంటును బలవంతంగా నెడతాయి, ఎద్దు పడిపోయినా బండిని లాగినట్లు. కారటం చాలాసార్లు దానితోనే మొదలు. పాతదీ కొత్తదీ కలిపి వేయరాదనటానికి కారణం ఇదే. మా బీదరు ఎండలు కూడా దీనికి తోడు. వేడి ఎక్కువైనకొద్దీ లోపలి పని త్వరపడుతుంది.

ఇంకొక సంగతి మాకు తోచినది. నాయన వాడిన రోజులలో పాతకాలపు బల్బు సెల్లులను వారాలలోనే త్రాగివేసేది. కారేందుకు వ్యవధి ఎక్కడిది? ఇప్పుడు బల్బు కొంచెమే త్రాగుతుంది, ఇంట్లో ఇన్వర్టరు ఉంటుంది, చేతిలో ఫోను ఉంటుంది. బ్యాటరీ నెలలకొద్దీ గూటిలో పడి ఉంటుంది. వాడని వస్తువు భద్రంగా ఉంటుందని మన పెద్దల నమ్మకం. ఆల్కలైను సెల్లున్న బ్యాటరీకి అది వర్తించదు.

ఉస్తాదుగారు మూతలోకి చుక్క చుక్కగా సిర్కా వదలినారు. బుస్సున పొంగినది. కొంతసేపు ఆగి, కొయ్యమీద మెల్లగా తట్టుతూ రెండు సెల్లులు తీసినారు. మూడవది ఉబ్బి పట్టేసి ఉండి మరునాటికి గాని రాలేదు. స్ప్రింగు తినివేయబడినది, మీటకింది రేకు చేతికి వచ్చినది. ఒళ్లు ఇత్తడిది గనుక మచ్చలతో బయటపడినది. అదే ఈనాటి అల్యూమినియం బ్యాటరీ అయితే ఆశ వదలుకోవలసినదే. క్షారానికి అల్యూమినియం మరీ లోకువ. కొత్త స్ప్రింగు చుట్టి, రేకు కత్తిరించి వేసి, చాయ త్రాగి, కూలి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టినారు.

ఇంట్లో చేసుకొనేవారికి సిర్కా లేకపోతే నిమ్మరసం చాలును. తెల్లని ఉప్పు ఆల్కలైనుదని గుర్తు. చేతికి తొడుగు, కంటికి అద్దాలు పెట్టుకొని, దూదితో అద్ది తుడిచి, తరువాత తడిగుడ్డతో తుడిచి బాగా ఆరబెట్టవలెను. పాత జింకు సెల్లు కారితే పులుపు పనికిరాదు. అక్కడ వంటసోడా కలిపిన నీళ్లు. క్షారం కంటిలో పడితే ధారగా నీళ్లతో చాలాసేపు కడిగి వెంటనే డాక్టరు దగ్గరకు పోవలెను.

అమ్మ బ్యాటరీ ఇప్పుడు ఖాళీగా గూటిలో ఉంటుంది. సెల్లులు పక్కనే గుడ్డసంచిలో. చీకట్లో మూడు సెల్లులు తలక్రిందులు కాకుండా వేయటం ఆమె ఎడమచేతితో నేర్చుకొన్నది. మొన్న ఆదివారం మేము ఇంట్లోని గోడగడియారం, టీవీ రిమోటు, రక్తపోటు చూచే యంత్రం అన్నీ విప్పి చూచినాము. గడియారం బాగున్నది, రిమోటు బాగున్నది. రక్తపోటు యంత్రంలో ఒక సెల్లు అంచున సన్నగా తెల్లని గీత. పిల్లవాణ్ణి నిమ్మకాయకు పంపినాము.