రాతియుగపు సంచీతో విశాఖ బజార్లు

మా ఇంట్లో పొద్దున్నే ఇడ్లీ పాత్ర పొయ్యి ఎక్కకపోతే ఎవరికో జ్వరం వచ్చిందనుకుంటారు ఇరుగుపొరుగువారు. అలాంటిది ఈ సంవత్సరం మాఘమాసం వెళ్ళీ వెళ్ళకముందే ఆ పాత్ర అటకెక్కింది. జ్వరం ఎవరికీ లేదు. నాకు యాభైనాలుగేళ్ళు, నా రక్తంలో చక్కెర మాత్రం ఉండవలసినదానికంటె "కొంచెం" ఎక్కువగా ఉంది.

"కొంచెం" అన్నది డాక్టరుగారి మాట. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 6.2 వచ్చింది. 5.7 వస్తే గుమ్మంలో నిలబడ్డట్టూ, 6.5 వస్తే లోపల అడుగు పెట్టినట్టూ లెక్కట. "మాత్రలు ఇప్పుడే అక్కర్లేదు. తిండి మార్చండి, నడవండి. మూడు నెలలు పోయాక చూద్దాం" అన్నారాయన. 2023 లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నది. నాలా గుమ్మంలో నిలబడ్డవాళ్ళు 13 కోట్ల పైచిలుకు. ఇంతమంది తోడున్నారని తెలిసినా నాకు ధైర్యం రాలేదు. మా నాన్నగారు ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళినవారే. చివరి నాలుగేళ్ళూ ఆయనకు చూపు లేదు. నేను పేపరు చదివి వినిపిస్తూ ఉంటే, "బొమ్మ ఏం వేశార్రా?" అని అడిగేవారు.

డల్లాసులో ఉన్న మా అమ్మాయికి ఫోనులో సంగతి చెప్పాను. "నాన్నా, నువ్వు పేలియో మొదలుపెట్టు" అన్నది.

పేలియో అంటే ప్రాచీన శిలాయుగపు భోజనం. మనిషి దున్నడం, విత్తడం నేర్చుకుని సుమారు పదివేల ఏళ్ళే అయింది. అంతకుముందు లక్షల ఏళ్ళు వేటాడీ, ఏరుకునీ, తవ్వుకునీ బతికాడు. మన ఒళ్ళు ఆ తిండికే అలవాటు పడింది కనుక దానికే తిరిగి వెళ్ళాలన్నది వాదం. 1975 లో వోగ్ట్‌లిన్ అనే అమెరికన్ వైద్యుడు దీని మీద పుస్తకం వేశాడు. 1985 లో ఈటన్, కోనర్ అనే ఇద్దరు పేరుమోసిన వైద్యపత్రికలో వ్యాసం రాశారు. 2002 లో కార్డెయిన్ అనే ప్రొఫెసరు రాసిన పుస్తకంతో ఈ పథ్యం పేరు ఇంటింటికీ తెలిసింది. చేపలు, మాంసం, గుడ్లు, కూరలు, పళ్ళు, బాదం వంటి గింజలు తినవచ్చు. ధాన్యం ఏదీ కూడదు. పప్పులు కూడవు. పాలు, పెరుగు, పంచదార కూడవు.

ఆలోచించండి. అన్నం లేదు, పప్పు లేదు, మజ్జిగ లేదు. ఇక తెలుగువాడి విస్తట్లో మిగిలేది విస్తరే! ఇడ్లీ అయితే బియ్యం ఒక నేరం, మినప్పప్పు ఇంకొక నేరం. వేరుశనగ కూడా చిక్కుడు జాతిదే కనుక పల్లీల పచ్చడికి శలవు.

మా అమ్మకు ఎనభైనాలుగేళ్ళు. అంతా శ్రద్ధగా విని, "దొరక్క అన్నం మానడం నాకు తెలుసు. 65, 66 కరువు నాడు అమెరికా గోధుమలు ఓడల్లో వస్తేగాని గడిచింది కాదు. అప్పుడు బియ్యం లేవని గోధుమలు పంపినవాళ్ళు ఇప్పుడు రెండూ మానెయ్యమని కబురు పంపారా?" అన్నది. నవ్వాను గాని జవాబు తోచలేదు.

ఆదివారం చీకటితోనే సంచీ పట్టుకుని మర్రిపాలెంలో బయల్దేరాను. కంచరపాలెం మీదుగా పాతనగరం చేరి, చేపలరేవులో అడుగుపెట్టేసరికి తూర్పు ఎరుపెక్కుతోంది. ఎదురుగా డాల్ఫిన్ నోస్ కొండ సముద్రంలోకి ముక్కు పెట్టుకుని కూర్చుంది. మరపడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి. తట్టల్లో ఐసు, ఐసు మీద చేపలు, వాటి చుట్టూ వేలంపాట. ఆ పాటలో అంకెలు నాకు అర్థమయ్యే లోపల సరుకు చేతులు మారిపోతోంది.

నేను కాగితం తీసి చదువుకుంటూ ఉంటే, గంప ముందు కూర్చున్న ఒకావిడ, "ఏటి బాబూ, చేప కొంతావా, పరీచ్చ రాత్తావా?" అంది.

వంజరం ధర అడిగాను. కిలో వెయ్యి పైమాటే. చందువ కూడా అదే దారిలో ఉన్నది. నా మొహం చూసి ఆవిడ పక్క గంప మీద గోనె తొలగించింది. వెండి ముక్కల్లా కవళ్ళు. "పెద్దోళ్ళందరూ వంజరమే అడుగుతారు. మా ఇంటికాడ ఇయ్యే తింతాం. రుసికీ ఇయ్యే, ఒంటికీ ఇయ్యే" అంది. తరువాత పుస్తకాలు తిరగేస్తే ఆవిడ మాట అక్షరాలా నిజం. గుండెకు మేలు చేస్తుందంటున్న కొవ్వు ఈ చవక చేపల్లో పుష్కలంగా ఉన్నది. కిలో కొన్నాను. "ఏప్రిలు పదిహేను దాకే బాబూ. ఆ తరవాత రెండు నెల్లు పడవలు కదలవు" అని కూడా హెచ్చరించింది. చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధిస్తారు. రాతియుగంవాడికి కూడా ఒక్కొక్క ఋతువులో ఒక్కొక్కటే దొరికి ఉంటుంది గదా అని సరిపెట్టుకున్నాను.

అక్కడినుంచి పూర్ణామార్కెట్. కాగితంలో కొబ్బరినూనె రాసి ఉంది. "వంటకండీ" అన్నాను. కొట్టువాడు నన్ను ఎగాదిగా చూసి, "కేరళవారా?" అన్నాడు. ఇంటికి తెచ్చాక మా ఆవిడ, "తలకు రాసుకునేది కూరలో పొయ్యాలా?" అని ఆ సీసాను అద్దం దగ్గరే పెట్టింది. బాదంపప్పు, అక్రోటు తూకం వేయించి డబ్బు లెక్కపెడితే, ఆ రెండు పొట్లాల ఖరీదుకు మా ఇంటికి నెల బియ్యం వచ్చేవి. రాతియుగంలో డబ్బు లేకపోవడం వల్ల వాళ్ళకీ బాధ ఉండేది కాదు.

ఆర్టీసీ బస్సులో సముద్రం ఒడ్డు రోడ్డు పట్టుకున్నాను. ఒడ్డు మీద మ్యూజియంగా మారిన కురుసుర జలాంతర్గామిని చూస్తూ, పెదవాల్తేరు దాటి, ఎం.వి.పి. కాలనీ రైతుబజారులో దిగాను. దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలని 1999 లో పెట్టిన బజార్ల కోవలోది ఇది. పలకల మీద ఆనాటి ధరలు రాసి ఉంటాయి. బేరం లేదు గనుక తగువు లేదు.

అక్కడ నాకు అసలు చిక్కు వచ్చింది. రాతియుగపు కూర ఏది? టమాటా, మిరప, బంగాళాదుంప, చిలగడదుంప, బొప్పాయి, జామ ఇవన్నీ అమెరికా ఖండాల నుంచి అయిదు వందల ఏళ్ళకు లోపల మన దేశానికి వచ్చినవి. కాబేజీ, కాలీఫ్లవరు ఒకే అడవి మొక్క నుంచి రైతులు తరతరాలుగా సాగదీసి తయారుచేసినవి. అడవి అరటిపండు నిండా రాళ్ళలాంటి గింజలుంటాయి. గింజలేని ఈ అరటి మనిషి చేతి చలవ. చింతపండు చెట్టూ, మెంతి మొక్కా కూడా చిక్కుడు కుటుంబానివే! ఆ బజారంతా రైతు సొమ్మే గాని, అందులో రాతియుగం నుంచి ఉన్నది ఉన్నట్టు వచ్చిన సరుకు ఒక్కటీ నాకు కనిపించలేదు.

గోంగూర, తోటకూర, మునగాకు, కంద సంచీలో వేసుకుని బయటికి వస్తూ ఉంటే, గేటు పక్క మన్యం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ గుడ్డ పరుచుకుని కూర్చుని ఉంది. గుడ్డ మీద మట్టితోనే ఉన్న దుంపలు, వేళ్ళలా వంకరటింకరగా.

"ఇవేం దుంపలమ్మా?"

"అడివి దుంపలు బాబూ. నేనే తవ్వినాను. ఉడకేసుకుని తినాల. ఇంకో రకం ఉంటాది, దాన్ని ముక్కలు కోసి గెడ్డ నీళ్ళలో రాత్రల్లా ఉంచకపోతే మనిసిని తిప్పేస్తాది. అది నేను తేలేదు. పట్నపోళ్ళకి తెలీదు గదా."

ఎట్టకేలకు రాతియుగం దొరికిందని నా ప్రాణం లేచివచ్చింది. "మీరు రోజూ ఇవే తింటారా?" అన్నాను.

ఆవిడ నావైపు విచిత్రంగా చూసింది. "రోజూ ఎందుకు తింతాం? చోళ్ళు ఉంటే చోడంబలి తాగుతాం. వరి ఉంటే అన్నం తింతాం. వానల్లో ఇంట్లో గింజ అయిపోతాది గదా, అప్పుడీ దుంపలు. గింజ లేనోళ్ళం తింతాం గాని, నీకేటి బాబూ, నీకు బియ్యం లేవా?"

ఉన్నాయని చెప్పడానికి సిగ్గేసింది. రెండు కిలోలు కొన్నాను.

పది రోజులు పథ్యం బ్రహ్మాండంగా సాగింది. కవళ్ళ పులుసు ఉత్త గిన్నెలో పోసుకుని తాగాను. మధ్యాహ్నం కునికిపాట్లు తగ్గాయి. నడుముకు బెల్టు ఒక బెజ్జం లోపలికి వెళ్ళింది. పదకొండో రోజు రాత్రి మా ఆవిడ గొంతు తగ్గించి, "ఏమండీ, అత్తయ్యగారు వారం రోజులుగా అన్నం తినడం లేదు. మీకు ఉడకబెట్టిన దుంపలో అర ముక్క తిని లేచిపోతున్నారు. ఇవాళ పెరట్లో కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నారు" అన్నది.

అమ్మ దగ్గరికి వెళ్ళి కోప్పడ్డాను. ఆవిడ కోప్పడలేదు. "నువ్వు పక్కన కూర్చుని దుంప నములుతూ ఉంటే నాకు ముద్ద దిగుతుందట్రా? మీ నాన్నకి కూడా ఆఖర్న అన్నం కొలిచి పెట్టాను. ఇంకో ముద్ద అడిగితే లేదన్నాను. ఇప్పుడు నీకూ పెట్టకుండా నేను తిననా?" అంది. ఆ మాట ఇరవై ఏళ్ళుగా ఆవిడ కడుపులో ఉన్నదని నాకు అంతవరకు తెలియదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు శలవు పెట్టి భీమిలి బస్సెక్కాను. దారిలోనే ఉన్నాయి ఎర్రమట్టి దిబ్బలు. గాలీ, వానా వేల ఏళ్ళు పనిచేసి చెక్కిన ఎర్రని లోయలు. 2025 లో ఇవి యునెస్కో వారి తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. పేలియో భోక్తగా నేను ఇక్కడికి రావలసిన కారణం వేరే ఉన్నది. ఈ దిబ్బల్లో రాతియుగపు మనుషుల పనిముట్లు దొరికాయి. నేను ఎవరి భోజనం కాపీ కొడుతున్నానో వారి అడ్రసు మా ఊరి పొలిమేరలోనే ఉన్నదన్నమాట.

ఒక గట్టు మీద కూర్చున్నాను. కాళ్ళ కింద ఎర్రమట్టి, ఎదురుగా నీలి సముద్రం. ఇరవైవేల ఏళ్ళ కిందట సముద్రమట్టం ఇప్పటికంటె సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. ఒడ్డు చాలా దూరం జరిగి ఉండేది. ఇక్కడి మనిషికి చేప అందేదో లేదో, అందినవాడు దుంప వద్దనేవాడు కాదు, గింజ దొరికినవాడు గింజ పారెయ్యలేదు. ఇజ్రాయేలులో గలిలీ సరస్సు ఒడ్డున 23,000 ఏళ్ళ నాటి గుడిసెల్లో అడవి గోధుమ, బార్లీ గింజలూ, వాటిని నూరిన రాయీ దొరికాయి. జోర్డానులో 14,400 ఏళ్ళ నాటి పొయ్యిలో మాడిన రొట్టె ముక్కలు దొరికినట్లు 2018 లో ప్రకటించారు. అప్పటికి వ్యవసాయమే లేదు! వాళ్ళకు లేనివి పంచదార డబ్బా, బిస్కట్ల పొట్లం, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నేను మానవలసినవి అవి. మన్యం ముసలమ్మ మాట కూడా అదే గదా: ఉన్నప్పుడు గింజ, లేనప్పుడు దుంప.

ఇంటికి వచ్చి అమ్మకు ఆ దిబ్బల సంగతి చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ మనుషులకి అమ్మలుండేవారట్రా?" అంది.

"లేకపోతే మనం ఎక్కణ్ణుంచి వచ్చాం?"

"మరి ఆవిడ పెట్టింది తినేవారు కాదూ?"

ఆ పూట ఒప్పందం కుదిరింది. మధ్యాహ్నం ఒక్కపూట, చిన్న గిన్నెడు దంపుడు బియ్యపు అన్నం, అమ్మే వడ్డించాలి. మిగతా కంచమంతా కూరా, ఆకూ, చేపా. పప్పు, మజ్జిగ తిరిగి వచ్చాయి. పంచదార, మైదా, సాయంత్రపు బజ్జీలు రాలేదు. రాత్రి భోంచేశాక అరగంట నడక. ఇది మాత్రలు లేని నా సంగతి. మాత్రలు వేసుకునేవారు డాక్టరునడగకుండా అన్నం మానరాదు. చక్కెర మరీ పడిపోయి ప్రమాదం రావచ్చు.

ఏప్రిల్ పదిహేనున పడవలు ఆగిపోయాయి. చేప తగ్గి కోడిగుడ్డు, కంద పెరిగాయి. మే నెలలో మళ్ళీ పరీక్ష చేయిస్తే 5.8 వచ్చింది. గుమ్మంలోనే ఉన్నాను, కాని మొహం వీధివైపు తిరిగింది. డాక్టరుగారు సంతోషించి, "ఏం పథ్యం చేశారు?" అని అడిగారు. రాతియుగం నుంచి మొదలుపెట్టబోయి, బయట జనం చూసి, "మా అమ్మ కొలిచి పెట్టిందండీ" అన్నాను.

ఇంటికి వచ్చి అమ్మకు కాగితం చూపించాను. చదవలేదు గాని రెండు చేతులా తీసుకుని నాన్నగారి పటం కింద పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు, గిన్నె నా కంచంలో బోర్లించి, గరిటె చివర మరి నాలుగు మెతుకులు తీసి పక్కన వేసింది.

"కొలత దాటుతోందమ్మా" అన్నాను.

"అది మీ నాన్న ముద్ద. తిను" అంది.