అరకులోయ దారిలో మోటారు చప్పుడు

విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్ల దూరము కలదు. శృంగవరపుకోట దాటినపిమ్మట అనంతగిరి కనుమ ప్రారంభమగును. అచటినుండి సముద్రమట్టమునకు 900 మీటర్లు దాటిన ఎత్తునకు బండి ఎక్కవలెను. మలుపులు మెండు, ఒకవంక కొండచరియ, ఒకవంక లోయ. కావున ఆ యాత్ర చేయువారు క్రిందనే తమ బండి క్షేమము విచారించుకొనుట మేలు.

గతమాఘమాసమున మా అత్తగారికి బొఱ్ఱాగుహలలోని శివలింగమును సేవింపవలెనని కోరిక కలిగెను. ఆమెను, పిల్లలనిద్దఱను వెంటనిడుకొని, మా మఱదిగారి పాతకారులో మావారును నేనును బయలుదేరితిమి. పెందుర్తి దాటినపిమ్మట యంత్రమునుండి తిరుగలి విసరినట్లు గరగరమను ధ్వని వినవచ్చెను. శృంగవరపుకోట చేరునప్పటికి అది హెచ్చెను. దైవదర్శనమునకు బయలుదేరి నడుమ ఆగరాదని అత్తగారి పట్టు. పిల్లలతో కనుమ నడుమ చిక్కుపడిన ఏమి గతియని నా భయము. మావారు మార్గము ప్రక్కనున్న యొక మరమ్మతు షెడ్డుకడ బండి నిలిపిరి.

మెకానిక్కు నడివయస్సువాడు. బానెట్టు తెఱచుటకు ముందే, "అమ్మా, ఈ చప్పుడు ఎప్పుడెప్పుడు వస్తాది? బండి ఆగినా ఉంటాదా?" అని యడిగెను. ముందుసీటున కూర్చుండి గమనించిన సంగతులు చెప్పితిని. బండి నిలిచియున్నను ధ్వని ఆగదు. యాక్సిలరేటరు నొక్కిన హెచ్చును. చక్రముల వేగముతో దానికి పొత్తు లేదు. "అలాగైతే చక్రాలు కావమ్మా" అని యాతడు క్లచ్చి త్రొక్కి చూచెను. ధ్వని మారలేదు. గేరుపెట్టెను కూడ అనుమానింప పనిలేకపోయెను.

రోగిని దర్శన స్పర్శన ప్రశ్నములచే పరీక్షింపవలెనని మన ఆయుర్వేదము చెప్పును. ఆ మూడును ఆ షెడ్డులో కంటిని. ప్రశ్నమైన పిదప ఆతడు నూనె కొలుచు పుల్లను తీసి చూచెను. నూనె చాలినంత యున్నది. పొడుగుపాటి స్క్రూడ్రైవరు మొనను కదలని భాగములపై నానించి, పిడిని చెవికి చేర్చి, తావుతావున వినెను. బెల్టు తిరుగు ప్రక్కనే ధ్వని హెచ్చుగానుండెను. అంతట ఇంజను నాపి, బెల్టు ఊడదీసి, కొన్ని క్షణములు మాత్రమే నడిపెను. గరగర మాయమయ్యెను! కావున దోషము ఇంజనులోపల లేదు. బెల్టుతో తిరుగు వానిలో ఒకటి చెడినది. ఒక్కొక్క గిలకను చేతితో త్రిప్పగా, బెల్టును బిగువుగా నుంచు గిలక ఇసుక పడినట్లు గరుకుగా తిరిగెను. దాని బేరింగు అఱిగిపోయినది.

చిన్నగిలకకై ఇంత విచారమేల యందురేమో. ఆ బండిలో నీటిపంపును, విద్యుత్తు పుట్టించు ఆల్టర్నేటరును ఆ బెల్టే త్రిప్పును. గిలక బిగిసి బెల్టు తెగినచో నీరు ప్రసరింపదు. ఎక్కుడులో ఇంజను కొద్దినిమిషములలో కాగిపోవును. ఈ మాట విని అత్తగారు, "శివుడే ముందుగా చెవిని వేసినాడమ్మా, రేపే పోదము" అనిరి. గిలక పట్టణమునుండి రావలసియుండుటచే ఆ రాత్రి అచటనే బస చేసితిమి.

మఱునాడు బండి నిశ్శబ్దముగా కనుమ నెక్కెను. నీడచెట్లక్రింద కాఫీతోటలు, వానిని పెనవేసికొన్న మిరియపుతీగెలు కన్నులపండువు చేసినవి. బొఱ్ఱాగుహలు సున్నపుఱాతి గుహలు. గోస్థనీనది అందుండి ప్రవహించును. చుక్కచుక్కగా నీరు కారి, యుగములతరబడి పెరిగిన ఱాతిలింగముముందు అత్తగారు చాలసేపు కన్నులు మూసికొని నిలిచిరి. ఈ గుహలును అరకులోయయు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి.

ఆ మెకానిక్కు చెప్పిన మఱికొన్ని గుర్తులు సోదరీమణులకు ఉపకరించును. బెల్టు కీచుమని యఱచిన, అది వదులైనది లేక అఱిగినది. ఇంజను పైభాగమున టికటికమన్న, వాల్వులకు నూనె చాలకపోవచ్చును. ఎక్కుడులో గలగలమని కొట్టుకొన్న, పెట్రోలు సరిగా మండుట లేదు. క్రిందినుండి దబదబమను బరువైన దెబ్బ వినవచ్చినను, నూనెదీపము వెలిగినను, తత్క్షణమే బండి నాపి ఇంజను కట్టివేయవలెను.

మరుగుచప్పుడునుబట్టియే ఎసరు వచ్చినదని యెఱుగు మనకు ఈ విద్య కష్టము కాదు. చప్పుడు ఎప్పుడు పుట్టినది, ఎప్పుడు హెచ్చినది, ఎప్పుడు తగ్గినది అను మూడును గుర్తుంచుకొని చెప్పగలిగిన, మరమ్మతు చేయువానికి సగముపని తీరును.