రెండు పేర్లున్న సింహాసనం



హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈజిప్టు వస్తువుల మధ్య ఒక సింహాసనం ఉంది. టుటన్‌ఖామున్ అనే ఫరో సింహాసనానికి అది నకలు. అసలుది 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న సమాధిలో దొరికింది. వీపు ఆనించే పలక మీద రాజు కూర్చుని ఉంటాడు, రాణి చెయ్యి ఆయన భుజం మీద ఉంటుంది. పైన సూర్యబింబం. దాని కిరణాల చివర చిన్న చిన్న చేతులు.

ఆ చేతులు అంతకుముందు ఏలిన అఖెనాటెన్ కాలపు గుర్తు. క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఆయన అమున్ దేవుణ్ణి తోసేసి, ఆటెన్ అనే సూర్యబింబాన్నే పూజించాలన్నాడు. తన పేరు మార్చుకున్నాడు, ఎడారిలో కొత్త రాజధాని కట్టాడు, గోడల మీద అమున్ పేరును ఉలితో చెక్కించేశాడు. బొమ్మలూ మారాయి. రాజు తన కూతుళ్లను ఒడిలో కూర్చోబెట్టుకుని ముద్దాడే చిత్రాలు అప్పుడే వచ్చాయి. కానీ ఆ నగరపు పనివాళ్ల ఇళ్లలో తవ్వి చూస్తే బేస్, తవెరెట్ అనే పాత దేవతల బొమ్మలే దొరికాయి. రాజాజ్ఞ గోడ దాకా వెళ్లింది, గడప దాటలేదు. ఆయన పోయాక కొద్ది ఏళ్లకే ఆ ఊరు పాడుబడింది. టుటన్‌ఖాటెన్ అని పిలవబడిన బాలుడు టుటన్‌ఖామున్ అయ్యాడు. అసలు సింహాసనం మీద ఈ రెండు పేర్లూ నేటికీ కనబడతాయి.

ఇది మనకెందుకంటారా? మన నర్సీపట్నం చుట్టుపక్కల సంఘాల్లో ఎంతోమందికి రెండు పేర్లు. బడి రికార్డులో ఒకటి, బాప్తిస్మమప్పుడు పెట్టుకున్నది ఒకటి. "పేరు మార్చుకోనివాడు విశ్వాసేనా?" అని తోటివారే అంటే, కంట నీరు పెట్టుకుని నన్ను అడిగినవారున్నారు.

బైబిలు తెరవండి. యోసేపుకు ఫరో ఐగుప్తు పేరు పెట్టాడు. బబులోనులో దానియేలు బెల్తెషాజరు అయ్యాడు, అయినా యెరూషలేము వైపు కిటికీ తీసి రోజుకు ముమ్మారు ప్రార్థించాడు. అలెక్సంద్రియ వాడైన అపొల్లో పేరులో గ్రీకు దేవత పేరే వినిపిస్తుంది. అకుల, ప్రిస్కిల్ల అతణ్ణి చేర్చుకుని దేవుని మార్గం ఇంకా బాగా నేర్పారు. పేరు మార్చుకోమని చెప్పినట్టు లేఖనంలో లేదు.

కాబట్టి ఎవరి పేరూ చూసి వారి విశ్వాసాన్ని తూచకండి. కొత్త పేరు పెట్టుకున్నవారు సంతోషంగా ఉంచుకోండి, పాత పేరే ఉన్నవారు సిగ్గుపడకండి. ఈ రాత్రి దీపం ఆర్పేముందు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని ప్రార్థించండి. గోడ మీద వాక్యం క్యాలెండరు ఉన్నా, ఇంట్లో ప్రార్థన లేకపోతే మనదీ అఖెనాటెన్ నగరమే. మంచి కాపరి తన గొర్రెలను పేరుపెట్టి పిలుస్తాడు. మీ పేరు ఏదైనా ఆయనకు తెలుసు.

ప్రభువు మీ ఇండ్లను దీవించును గాక. ఆమేన్.