సంతకం ఎవరిది?

2008వ సంవత్సరం వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌజెన్‌కు దక్కింది. మిగతా సగం ఎయిడ్స్ వైరస్‌ను కనుగొన్న ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఇద్దరు పంచుకున్నారు. పోటీ పరీక్షలకు చదివేవాళ్ళం ఇలాంటి పేర్లు బట్టీ పడతాం. నేనూ పట్టాను. ఆ బహుమతి కథలో మనలాంటి హాస్టల్ ఆడపిల్లల పేజీ కూడా ఒకటి ఉందని పీజీలో మైక్రోబయాలజీ చదివేటప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ పేజీ గురించే ఈ నాలుగు మాటలు.

1970లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని చాలామంది శాస్త్రవేత్తలు నమ్మేవారు. జుర్ హౌజెన్ తన ప్రయోగశాలలో కణితులు పరీక్షిస్తే వాటిలో ఆ వైరస్ జాడ దొరకలేదు. ఆయన అనుమానమంతా పులిపిర్లు పుట్టించే పాపిలోమా వైరస్ మీద. 1974లో అమెరికాలో జరిగిన ఒక సభలో ఈ మాట చెబితే ఎవరూ పట్టించుకోలేదు. ఆయన మాత్రం వెతకడం మానలేదు. 1983లో హ్యూమన్ పాపిలోమా వైరస్ 16వ రకాన్ని, 1984లో 18వ రకాన్ని ఆయన బృందం కణితుల్లో పట్టుకుంది. ప్రపంచంలో ఈ క్యాన్సర్ కేసుల్లో దాదాపు 70 శాతానికి ఈ రెండు రకాలే కారణం. కారణం తెలిశాక టీకా వచ్చింది. 2006లో అది వాడకంలోకి వచ్చింది. జుర్ హౌజెన్ 2023 మే నెలలో, 87వ ఏట చనిపోయారు.

ఆ 18వ రకం వైరస్ హీలా కణాల్లో కూడా ఉందని అదే బృందం చూపించింది. హీలా కణాల పేరు వినని జీవశాస్త్ర విద్యార్థి ఉండడు. ఆ పేరు వెనక ఒక మనిషి ఉంది. హెన్రియెట్టా లాక్స్ అమెరికాలో పొగాకు చేలల్లో పనిచేసిన నల్లజాతి స్త్రీ, ఐదుగురు పిల్లల తల్లి. 1951లో ఇదే క్యాన్సర్‌తో 31 ఏళ్ళకే కన్నుమూసింది. ఆసుపత్రిలో ఆమె కణితి నుంచి తీసిన కణాలు ఈనాటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. పోలియో టీకా పరీక్షలకూ అవే పనికొచ్చాయి. తీసేటప్పుడు ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె పిల్లలకు ఇరవై ఏళ్ళు దాటాక గానీ సంగతి తెలియలేదు.

అది ఎక్కడో అమెరికాలో, ఎప్పుడో జరిగింది కదా అనుకోవచ్చు. ఇక మన దగ్గరికి వద్దాం. 2009లో, జుర్ హౌజెన్‌కు నోబెల్ వచ్చిన మరుసటి ఏడాది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి ఈ టీకా వేశారు. ఒక అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. టీకా వేయించుకున్నవారిలో చాలామంది గిరిజన, దళిత పిల్లలు. ఎందరో హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నవారు. తర్వాత కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో ఆందోళన మొదలైంది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం లేదని విచారణ కమిటీ తేల్చింది. అయితే అనుమతి తీసుకున్న తీరులో లోపాలు బయటపడ్డాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ప్రకారం, మన రాష్ట్రానికి చెందిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు.

ఆ అంకెలు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నా హాస్టల్ దరఖాస్తు మీద ఉన్నదీ మా అమ్మ వేలిముద్రే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. అమ్మకు అక్షరం రాదు. కానీ వేలు ఇంకులో ముంచే ముందు "ఇండ్ల ఏం రాసున్నది బిడ్డా?" అని అడిగేది. నేను చదివి వినిపిస్తే, అర్థమయ్యాకే వేలు పెట్టేది. వేలిముద్ర వేయడం తప్పు కాదు. చదివి చెప్పకుండా వేయించుకోవడం తప్పు. వార్డెన్ మనకు అన్నం పెట్టిస్తుంది, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోతుంది. ఆ రుణం మరువలేనిది. అయినా కన్నవాళ్ళుండగా మన ఒంటికి సంబంధించిన సంతకం వాళ్ళదే.

ఇది చదివి టీకా అంటేనే భయపడతారేమో, ఆ భయం వద్దు. జుర్ హౌజెన్ పరిశోధన నిజమైనది, టీకా మేలు చేసేది. 17 ఏళ్ళ లోపు వేసుకున్నవారిలో ఈ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో స్వీడన్ అధ్యయనం చూపింది. 2023 జనవరిలో మన దేశంలోనే తయారైన టీకా కూడా విడుదలైంది. మా పెద్దమ్మ ఈ జబ్బుతోనే పోయింది. ఎన్నాళ్ళో ఎవరికీ చెప్పుకోలేదు, చెప్పేసరికి ముదిరిపోయింది. ఆమె చిన్నతనంలో ఈ టీకా ఉండి ఉంటే మా అక్కలకు తల్లి మిగిలేదేమో. అందుకే నాకు ఈ టీకా మీద కోపం లేదు. మంచి మందును కూడా పేదవాడికి చెప్పకుండా ఇస్తే అనుమానం పుడుతుంది. ఆ అనుమానం వల్ల చివరికి నష్టపోయేదీ ఆ పేదవాడే.

చెల్లెళ్ళూ, తమ్ముళ్ళూ! రేపు మీ హాస్టల్‌కు ఎవరైనా ఏదైనా మందు తెస్తే మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఏమిటి? ఎందుకు? దీనివల్ల ఏమైనా ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారు? వద్దంటే వదిలేస్తారా? జవాబులు విని, ఇంట్లో వాళ్ళకు మన మాటల్లో చెప్పండి. అలాగే మీలో కొందరు సైన్సు చదివి ప్రయోగశాలల దాకా రండి. మైక్రోస్కోపు దగ్గర మనవాళ్ళు కూర్చున్న రోజున, మంచం మీద పడుకున్న మనిషిని పేరు పెట్టి పిలిచి, అడిగి, ఆ తర్వాతే సూది పట్టుకుంటారని నా నమ్మకం.

– పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (మైక్రోబయాలజీ)