మా సంఘమునకు సాఫ్టువేరు

ధర్మరాజు నగరున సేవకులెందరో, ధనాగారమునకెంత వచ్చుచున్నదో, ఎంత పోవుచున్నదో తానొక్కతెయే యెఱుగుదునని ద్రౌపది సత్యభామతో జెప్పిన ఘట్టము భారతమున అరణ్యపర్వమునందున్నది. మేము బాల్యమున మా తండ్రిగారి యొద్ద దానిని జదివినపుడు అందు పతివ్రతాధర్మములే కానవచ్చినవి. ఇప్పుడు చదువగా ఒక పెద్ద సంస్థయొక్క ఆయవ్యయముల లెక్క కానవచ్చుచున్నది. సోదరీమణులారా, ఏ యింటి యిల్లాలైనను గొంతవఱకు ద్రౌపదియే. డబ్బాలో బియ్యమెన్ని కిలోలున్నవో, పాలవానికెన్నినాళ్ల బాకీయో, పిల్లవాని ఫీజు కట్టవలసిన తేదీ యెన్నడో, అన్నియు నామె మనస్సున నొక్కచోటనే యుండును. కనుకనే పప్పు నిండుకొన్నను ఫీజుకై దాచిన సొమ్మును ముట్టదు.

సంస్థలకు నట్టి యేకస్థానమైన జ్ఞాపకమును గల్పించు సాఫ్టువేరునకే ఇ.ఆర్.పి. యని పేరు. ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ అనుటకది సంక్షేపము. పేరు ఘనము, పని సామాన్యము. గిడ్డంగి, పద్దులు, కొనుగోలు, అమ్మకము వేఱువేఱు పుస్తకములలో నుండక, ఒకచోట వ్రాసినది తక్కినచోట్ల దానంతట దానే కనబడవలెను. ఇది 1960 ప్రాంతమున అమెరికా కర్మాగారములలో సరకుల లెక్కగా మొదలైనది. 1972లో జర్మనీయందు ఐ.బి.ఎమ్. కొలువు వదలివచ్చిన యైదుగురు ఎస్.ఏ.పి. సంస్థను స్థాపించిరి. 1990లో గార్ట్‌నర్ వారు దీనికీ పేరు పెట్టిరి. మన వర్తకులెఱిగిన ట్యాలీ 1986లో గోయెంకా తండ్రికొడుకులచే బుట్టి, బెంగుళూరున బెరిగినది. చరిత్ర యింత చాలును.

మా యూరు నెల్లూరు జిల్లాలో, మైపాడునకు ఉత్తరముగా, బకింగ్‌హాము కాలువకును సముద్రమునకును నడుమ నున్నది. మావారు ఇచ్చటి పాఠశాలలో ఉపాధ్యాయులు. మా స్త్రీల సంఘమునకు మూలము వెదకినచో, 1991 నాటి అక్షరాస్యతోద్యమమునకును, 1992లో దూబగుంట స్త్రీలు సారాపై సాగించిన పోరాటమునకును బోవలెను. 1993లో రాష్ట్రమున సారా నిషిద్ధమైనది. ఆ దినములలోనే యీ జిల్లాలో పొదుపులక్ష్మి యను పేర స్త్రీలు దినమునకొక్క రూపాయి దాచుకొన నారంభించిరి. మా యూరి పెద్దమ్మలు ఆ రూపాయలతోనే మొదలిడి, తరువాత 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద దీనిని రిజిస్టరు చేయించిరి. నేడది పొదుపు పుచ్చుకొని అప్పులిచ్చును. విత్తనములు, ఎరువులు అమ్ముచున్నది. పట్టపుపాలెపు స్త్రీల యెండుచేపలను సేకరించి సంతలకు బంపుచున్నది.

పనులు మూడైనవి గాని పుస్తకములు నాలుగు, వానిని వ్రాయు చేతులు నాలుగు. ఒక సభ్యురాలు ఎరువుల కొట్టున నైదు బస్తాలు అరువు దెచ్చుకొన్న సంగతి మాసాంతమునగాని అప్పుల పుస్తకమున కెక్కదు. ఆ నడుమ నామెయే క్రొత్త అప్పు కోరినచో బాకీ లేదనుకొని యిత్తురు. పంట చేతికి వచ్చునప్పటికి రెండు బాకీలు గలిసి యామె మెడకు దగుల్కొనును. ఇందు ఆమె మోసమును లేదు, గుమాస్తా దోషమును లేదు. ఒక పుస్తకమునకింకొక పుస్తకముతో మాటలు లేవు, అంతే. సాఫ్టువేరు తెచ్చుకొందమని సంఘమువారు నిశ్చయించుటకు గారణమిదియే. లెక్కలు చదివిన వారము గాకున్నను వ్రాత చదువుదుమని యెంపిక సభ్యులలో మమ్మును జేర్చిరి.

మావారు విన్నవెంటనే, "ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు ప్రభుత్వమే యొకటి యిచ్చినది గదా, దానినే తెచ్చుకొనరాదా?" యనిరి. నిజమే. 2022 జూన్ 29న కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక సంఘముల లెక్కలను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో నొక్క సాఫ్టువేరు క్రిందికి దెచ్చుటకు సమ్మతించినది. నాబార్డు వారు దానిని నడపుచున్నారు. దేశమంతటికి నొక్కటే గనుక సంఘములకు ఎన్నుకొను బాధ లేదు. కాని యా పథకము ప్రాథమిక సంఘములకు. మావంటి సంఘము తన బరువును దానే మోయవలెను. దానిని దూరమునుండి చూచి నేర్చుకొన్నదొకటి కలదు: సాఫ్టువేరు వచ్చుటతో పని ముగియదు, పాత పుస్తకములలోని నిలువలను సరిచూచి క్రొత్తదానిలోనికెక్కించుటలోనే కష్టమంతయు నున్నది.

విక్రేతలు మువ్వురు వచ్చిరి. ఒకరు హైదరాబాదునుండి వచ్చిన కంపెనీ ప్రతినిధి. సూటు, చిత్రములతో గూడిన ప్రసంగము, ఏటేట అద్దె. రెండవవారు నెల్లూరున ట్యాలీ నేర్పువారు. మూడవవాడు కావలి యువకుడు. ముంబయిలో బుట్టిన ఇ.ఆర్.పి.నెక్స్ట్ అను దానిని స్థాపించి యిత్తుననెను. దాని మూలప్రతి యెవ్వరైనను ఉచితముగా దీసికొని మార్చుకొనదగినది. యువకుని శ్రమకు మాత్రము సొమ్మీయవలెను. ఉచితమనగనే కొందఱు సంతసించిరి, కొందఱు శంకించిరి. ఊరక వచ్చిన ఆవునకైనను గడ్డి వేయవలెను గదా యని మాకు దోచినది.

మొదట మేమడిగినది పుట్టి సంగతి. నెల్లూరు సీమలో ధాన్యపు బేరము పుట్టిమీదనే. పుట్టి యనగా 850 కిలోలు. రెండున్నర పుట్లు వ్రాయుమనగా కంపెనీ ప్రతినిధి 21.25 క్వింటాళ్లని వ్రాసి, "రెండును సమానమే గదండీ" యనెను. సమానమే. కాని ధర పుట్టికి జెప్పిన రైతు తన రసీదున క్వింటాలు ధరను జూచి, ఎవరో తన్ను మోసగించిరనుకొనును. రసీదు చదువుకొనువానికి దెలియని లెక్క, సరియైనదైనను, లెక్క కాదు. స్థలముల హామీ వ్రాయునపుడిట్టిదే యింకొక చిక్కు. మాకు అంకణమనగా 72 చదరపుటడుగులు. ఎకరమునకు 605 అంకణములు. తిరుపతి ప్రక్క అంకణమనగా 36 అడుగులే. ఆ దిక్కున పుట్టింటి స్థలము గల కోడళ్లు మా సంఘమున నున్నారు. పేరొకటి, కొలత రెండు. ఏ యూరి యంకణమో వ్రాయుట కొక గడి కావలెను. ట్యాలీ వారును, కావలి యువకుడును పుట్టికి, కిలోకు ముడిపెట్టి చూపిరి. అంకణమునకు యువకుడొక్కడే రెండు పేర్లు పెట్టెను.

తరువాత ఎండుచేపల పరీక్ష వచ్చినది. పచ్చి నెత్తళ్లు తూచి లోపలికి దీసికొందురు. ఇసుకపై నెండబెట్టిన పిమ్మట తూచి బయటికి బంపుదురు. నడుమ బరువు తగ్గకుండునా? కంపెనీవారి తెరపై నా తగ్గిన బరువంతయు ఎఱ్ఱని యక్షరములతో కొఱత యని పడినది. దాని కెదుట బాధ్యురాలని ఎండబెట్టిన స్త్రీ పేరు! ఆమె యచ్చటనే కూర్చుండి యున్నది. చదువురానిదైనను తన పేరెదుట ఎఱుపును జూచి యడిగినది. చెప్పగా మోము మాడ్చుకొన్నది. మా అధ్యక్షురాలు డెబ్బదియేండ్ల వృద్ధురాలు. ఆ ప్రతినిధితో, "నాయనా, ఎండితే బరువు తగ్గకపోతే అది చేప కాదు, రాయి" అన్నది. సభ నవ్వినది గాని యది నవ్వులాట కాదు. ముప్పదియేండ్లు నిజాయితీగా బనిచేసిన స్త్రీని యంత్రము నెలకొకమాఱు దొంగయని యచ్చువేయుచుండినచో, ఆమె యెన్నాళ్లు పనికి వచ్చును? తరుగు అను పద్దు వేఱుగా నుండవలెను. అది ఎండకాలమునకొక తీరు, ముసురుకాలమునకొక తీరు. ఆ దినమున దానికి సరియైన జవాబు మువ్వురిలో నెవ్వరును జెప్పలేకపోయిరి.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు రథముపైనుండియే చెట్టు ఆకులను, కాయలను లెక్కచెప్పగా, బాహుకుడై యున్న నలుడు మాటతో దృప్తిపడక రథము నిలిపి, లెక్కించి చూచుకొనెను. విక్రేతల ప్రసంగమును వినునపుడు మాకా కథయే జ్ఞప్తికి వచ్చినది. వారు చూపునది వారు సిద్ధపఱచిన మచ్చులెక్క. అందు బేరసారములన్నియు చక్కగా గుదురును. మేము మా పుస్తకములనుండి గడచిన డిసెంబరు మాసపు లెక్కను యథాతథముగా దీసి, కొట్టివేతలతో, తిరిగి వచ్చిన చెక్కుతో, ఒకరి వాయిదాను మఱియొకరు కట్టిన పద్దుతో సహా, ముగ్గురికి నిచ్చితిమి. చేతివ్రాత మొత్తముతో సరిపోవువఱకు బేరము లేదని చెప్పితిమి. ట్యాలీలో పద్దులు, సరకు మొదటిదినముననే సరిపోయినవి. దానిని దెలిసిన గుమాస్తాలు నెల్లూరున వీథికొకరు దొరకుదురు, ఇదియు దక్కువ గుణము కాదు. సభ్యుల వాయిదాల అప్పులకు మాత్రము వేఱొక చేర్పు కొనవలసియుండెను. కావలి యువకునికి పదునాఱు దినములు పట్టినది. కంపెనీ ప్రతినిధి ముందు సంతకము, తరువాత పరీక్ష యనెను.

పెద్దవారికి దప్పని చిక్కులు మనకు దప్పునా? జర్మనీలో లిడ్ల్ అను గొప్ప దుకాణముల సంస్థ యేడేండ్లు శ్రమించి, సుమారు 50 కోట్ల యూరోలు వ్యయపఱచి, 2018లో తన ఎస్.ఏ.పి. ప్రయత్నమును విడిచిపెట్టినది. వారు సరకును కొన్నధరకు లెక్కగట్టువారు. సాఫ్టువేరు అమ్ముధరకు లెక్కగట్టునది. ఆ యలవాటు మార్చుకొనక యంత్రమునే మార్చబోయి చిక్కుపడిరని చెప్పుదురు. అమెరికాలో హెర్షీ చాక్లెట్టువారు 1999లో పండుగల యమ్మకమునకు ముందే క్రొత్తదానికి మాఱి, గిడ్డంగిలో సరకుండియు సుమారు 10 కోట్ల డాలర్ల యార్డర్లను సకాలమున నందింపలేకపోయిరి. ఏది మనము మార్చుకొనదగిన యలవాటు, ఏది మార్చరానిది యని ముందుగా విడదీసికొనవలెనని లిడ్ల్ కథవలన మాకు దోచినది. ఎరువుల రసీదును మాసాంతమున వ్రాయుట మానుకొనదగినది. పుట్టి మానరానిది.

ఇంతవఱకు సౌకర్యముల మాట. అసలు పోట్లాట పాతఖాతాల దగ్గఱ వచ్చినది. పొదుపులక్ష్మి నాటి సభ్యురాండ్రు ముప్పదిమందికి పైగా బహుకాలముగా సొమ్ము కట్టుటయు లేదు, తీయుటయు లేదు. కొందఱు వలసపోయిరి, కొందఱు మంచము పట్టిరి, కొందఱి వారసులకు సంగతియే తెలియదు. మూడేండ్లుగా కదలని ఖాతాల నన్నింటిని గలిపి యితరములు అను నొక్క పద్దులో వేయుటయే వాడుకయని విక్రేత యొకరు సెలవిచ్చిరి. పని తగ్గును, వ్యయము తగ్గును. మా పాలకవర్గమున గొందఱు తలలూపిరి. మేము లేచి, ఇతరములు అను పేరుగల స్త్రీ మన యూరలేదే యని యడిగితిమి. దినమునకొక రూపాయి యనగా నా కాలమున నొకపూట కూర మానుకొన్న రూపాయి. పేరు పోయిన పిమ్మట సొమ్ము నిలిచియున్నను నడుగువారెవరు? ఈ విషయమున రెండు సభలు జరిగినవి; గట్టిమాటలును వచ్చినవి. తుదకు ఏ ఖాతాయు గలుపరాదని తీర్మానమైనది.

తీర్మానమైన పిదప వ్రాయువారెవరు? తొలి పుస్తకములు వ్రాసినవాడు 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట కొలువులేక మిగిలిన వృద్ధ కరణము; ఆయన గొలుసుకట్టు వ్రాత నేటి పిల్లలకు బోధపడదు. మా తండ్రిగారి యింట నట్టి కాగితములు చదివిన యలవాటు మాకున్నది గనుక మేము చదువుచుండగా ఇద్దఱు కళాశాల బాలికలు కంప్యూటరున నెక్కించిరి. రమణమ్మలు తొమ్మండ్రు దేలిరి. ఒక్కొక్కరికి భర్త పేరు, ఇంటి గుఱుతు, బ్రతికియున్నచో ఫోను సంఖ్య చేర్చవలసి వచ్చినది. ఇస్కపల్లి దగ్గఱ గూతురి యింటనున్న యొక వృద్ధురాలికి గబురంపగా, తన సొమ్ము సారాకాలముననే పోయినదనుకొంటినని చెప్పి, రసీదును రెండుమాఱులు చదివించుకొన్నదట.

తాళముల సంగతి కొంచెము చెప్పవలెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజధనమును హరించు మార్గములు నలువదియని లెక్కించెను. కంప్యూటరు వచ్చినంతమాత్రమున నవి తగ్గవు. వ్రాయువారొకరు, సమ్మతించువారొకరు, ఇద్దఱి పాస్‌వర్డులు వేఱు. ఇంత చెప్పినను ఊరూర పాస్‌వర్డు గోడ క్యాలెండరుమీదనే దర్శనమిచ్చుచుండును. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లవద్ద తీరము దాటినపుడు మా ప్రాంతమున విద్యుత్తు లేక, ఫోనులు మూగవోయినవి. కనుక కార్బను రసీదుపుస్తకము తీసివేయలేదు. విద్యుత్తు వచ్చినపిమ్మట దానిని జూచి యెక్కింతురు. వారమునకొకమాఱు లెక్కలన్నింటి నకలు వేఱొక డిస్కులో దీసి పాఠశాల బీరువాలో నుంతురు. విక్రేతతో తెగతెంపులైనచో మా లెక్కలు మాకు సామాన్యపు పట్టికల రూపమున రావలెనని యొప్పందమున వ్రాయించితిమి. కంపెనీవారు దీనికి సమ్మతింపకపోవుటయే వారితో మాటలు ముగియుటకు ముఖ్యకారణము.

తుదకు కావలి యువకునికే పని యొప్పగించితిమి. ట్యాలీ చాలునని యిప్పటికిని కోశాధికారిణి యభిప్రాయము. ఆమె మాటలో న్యాయమున్నది. యువకుడు వేఱు కొలువునకు బోయినచో దిక్కెవరని యామె యడిగినదానికి, రెండవ మనుష్యుని గూడ నేర్పరిని జేయవలెనను షరతు మాత్రమే సమాధానమైనది. ఆరంభమునకు ఏప్రిల్ 1 అనుకూలమని ఆడిటరుగారనిరి. కాని యా దినములలో కోతలు, బాకీల వసూళ్లు. అందుచే మార్చి 31 నాటి నిలువలను ముగించి, మే మాసమున నెక్కించి, జూన్ 1న పొదుపు, అప్పులు మాత్రము మొదలిడిరి. ఆఱు మాసములు పాత పుస్తకములను గూడ వ్రాసి రెండును సరిచూచిన పిదప ఎరువుల కొట్టును జేర్చిరి. ఇప్పుడు బస్తా అరువిచ్చిన దినముననే అప్పుల గుమాస్తాకు దెలియుచున్నది. దీనిపై గొట్టువద్ద గొందఱికి కోపముగానే యున్నది.

ఎండుచేపల పుస్తకమింకను చేతివ్రాతయే. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు సముద్రపు వేట నిషిద్ధము గనుక, ఆ విరామమున యువకుడు వచ్చి యిసుకతిన్నెలపై స్త్రీలతోపాటు కూర్చుండి, ఏ చేపకేమి తరుగో వారినోటనే విని వ్రాసికొనుటకు నిర్ణయమైనది. ఆ పద్దునకు మొదటి సంతకము నెత్తళ్లు ఎండబెట్టు నామెదే యుండవలెనని అధ్యక్షురాలు చెప్పియున్నది.